మందు పడలేదని రాసేదెవరు?

బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్న పెద్దాయనకు కొన్ని వారాలు తిరిగేసరికి చీలమండల దగ్గర వాపు మొదలవుతుంది. సాయంత్రానికి చెప్పులు బిగుసుకుపోతాయి. డాక్టరుకు చూపిస్తే నీరు చేరిందని ఫ్రూసెమైడ్ రాస్తారు. దాంతో పొటాషియం పడిపోయి రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తాయి. పిక్కల నొప్పికి మరో మాత్ర వస్తుంది. రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడేవాళ్ళలో కొందరికి వచ్చే పొడిదగ్గుదీ ఇదే వరస. సిరప్పులు మారుతుంటాయి, ఎక్స్‌రేలు తీస్తుంటారు, దగ్గు మాత్రం తగ్గదు. రోజూ పొద్దున్నే మింగే బీపీ మాత్రే దానికి కారణమని ఎవరికీ తట్టదు. మందు తెచ్చిన బాధను కొత్త జబ్బనుకుని ఇంకో మందు రాయడాన్ని పౌలా రోషోన్, జెర్రీ గర్విట్జ్ 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ‘ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్’ అన్నారు. ఆ వరస ఆగాలంటే ఎవరో ఒకరికి ‘ఇది మందు వల్లనేమో’ అన్న అనుమానం రావాలి. ఆ అనుమానం కాగితం మీదికి ఎక్కాలి. వైద్య సిబ్బందికి ఈ రెండూ నేర్పడం ఎలా అన్న ప్రశ్నకు ప్రపంచమంతా అరవై ఏళ్ళుగా జవాబు వెతుకుతోంది. కొంత దొరికింది, చాలా మిగిలింది.

సమస్య చిన్నదేమీ కాదు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ప్రాంతంలో రెండు ఆస్పత్రుల్లో చేరిన 18,820 మందిని మునీర్ పిర్మొహమ్మద్ బృందం పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించింది. వాళ్ళలో 1,225 మందివి, అంటే నూటికి ఆరుగురికి పైగా రోగులవి, మందుల దుష్ప్రభావంతో ముడిపడిన కేసులే. ఎక్కువగా కారణమైన మందులేవీ కొత్తవి కావు: ఆస్పిరిన్, వార్ఫరిన్, నొప్పి మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు. ఈ కేసుల్లో చాలావరకు తప్పించదగినవేనని కూడా ఆ బృందం తేల్చింది.

మరి వీటిలో ఎన్ని రిపోర్టులుగా మారతాయి? లోర్నా హేజల్, సాద్ షకీర్ అన్న ఇద్దరు పరిశోధకులు 12 దేశాల్లో జరిగిన 37 అధ్యయనాలను కలిపి చూసి 2006లో చెప్పిన మధ్యస్థ అంకె ఇది: నూటికి 94 దుష్ప్రభావాలు ఎక్కడా నమోదు కావు. నమోదు వ్యవస్థ బాగా నడుస్తుందని పేరున్న దేశాల లెక్కలు కూడా ఇందులో ఉన్నాయి.

ఈ వ్యవస్థలకు పునాది వేసింది థాలిడోమైడ్ విషాదం. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికి వచ్చిన ఆ మందును వేవిళ్ళు తగ్గడానికి గర్భిణులకూ ఇచ్చారు. కాళ్ళూ చేతులూ ఎదగని పిల్లలు పుట్టడం మొదలైంది. 1961లో హాంబర్గ్‌లో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ విడివిడిగా అనుమానించి నోరు విప్పేనాటికి వేలమంది పిల్లలకు నష్టం జరిగిపోయింది. లెంజ్, మెక్‌బ్రైడ్‌ల దగ్గర అప్పటికి ఉన్నది రుజువు కాదు, కొన్ని కేసులూ ఒక అనుమానమూ మాత్రమే. బ్రిటన్ 1964లో డాక్టర్లు దుష్ప్రభావాలను రాసి పంపడానికి ‘ఎల్లో కార్డ్’ తెచ్చింది. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశాలతో ఇలాంటి నమోదుకు అంతర్జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. స్వీడన్‌లోని ఉప్సాలా కేంద్రం నడిపే విజీబేస్ అనే నిధిలో ఇప్పుడు మూడు కోట్లకు పైగా రిపోర్టులున్నాయి.

అయితే కార్డు చేతికిస్తే సరిపోదని బ్రిటన్‌కు పదేళ్ళు తిరిగేసరికి తెలిసొచ్చింది. గుండె జబ్బులకు వాడిన ప్రాక్టొలాల్ 1970లో అక్కడ మార్కెట్లోకి వచ్చింది. అది వాడినవాళ్ళలో కొందరికి కళ్ళు ఎండిపోయాయి, చర్మం దెబ్బతింది, కొందరికి చూపు పోయింది. రోగులు డాక్టర్ల ఎదురుగానే కూర్చుంటున్నారు. కంటి డాక్టరు కన్ను చూస్తున్నారు, చర్మం డాక్టరు చర్మం చూస్తున్నారు, గుండె మాత్ర రాసినాయనకు ఈ రెండు సంగతులూ తెలియవు. 1974, 75 సంవత్సరాల్లో ఆ సంబంధం వైద్య పత్రికల్లో అచ్చయ్యాకగానీ ఎల్లో కార్డులు రాలేదు. వచ్చినప్పుడు వందల్లో వచ్చాయి. ఆ డాక్టర్లు బద్ధకస్తులు కారు, వాళ్ళకు వైద్యం తెలియకా కాదు. కళ్ళు పొడిబారితే ‘ఏం మందులు వాడుతున్నారు?’ అని అడిగే అలవాటు లేదంతే. శిక్షణ మొదలుకావలసింది ఫారంతో కాదు, ఈ ఒక్క ప్రశ్నతో.

డాక్టర్లు ఎందుకు రాయరో ఎల్లో కార్డ్ వ్యవస్థను నిలబెట్టిన విలియం ఇన్మన్ 1970ల్లోనే చెప్పాడు. అనుమతి పొందిన మందులన్నీ సురక్షితమేనన్న ధీమా, కోర్టు భయం, ఏది రాయాలో తెలియకపోవడం, వట్టి అనుమానం రాస్తే నవ్వుతారేమోనన్న బెరుకు, ‘నా ఒక్కడి రిపోర్టుతో ఏమవుతుంది’ అన్న ఉదాసీనత, కేసులు పోగేసి సొంతంగా వ్యాసం అచ్చువేసుకుందామన్న ఆశ, డబ్బు లెక్కలు. వీటికి ‘ఏడు మహాపాపాలు’ అన్న పేరు స్థిరపడింది. 2009లో స్పెయిన్, పోర్చుగల్ పరిశోధకులు అధ్యయనాలన్నీ తిరగేస్తే, తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్రమే రాయాలన్న అపోహ నూటికి 95 అధ్యయనాల్లో కనిపించింది. నవ్వులపాలవుతామన్న బెరుకు 72 శాతం అధ్యయనాల్లో ఉంది. ఈ రెంటికీ మందు శిక్షణే. సమయం లేకపోవడం, ఫారం దొరక్కపోవడం లాంటివి ఉపన్యాసాలతో తీరవు. శిక్షణ ఇచ్చేవాళ్ళు చాలాసార్లు ఈ తేడా పట్టించుకోరు.

ఈ రంగంలో అందరూ చెప్పుకునే ప్రయోగం ఉత్తర పోర్చుగల్‌లో జరిగింది. అడోల్ఫో ఫిగ్యేరాస్, మరియా తెరెసా ఎర్దెయిరో తదితరులు ముందుగా అక్కడి డాక్టర్లలో ఏయే అపోహలున్నాయో అధ్యయనం చేశారు. ఆ అపోహల మీదే గురిపెట్టి గంటసేపు సాగే పాఠం తయారుచేసి, డాక్టర్లు పనిచేసే చోటికే వెళ్ళి చెప్పారు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం శిక్షణ పొందిన డాక్టర్ల రిపోర్టులు మిగతావాళ్ళతో పోలిస్తే పది రెట్లయ్యాయి. ఫార్మసిస్టులతో చేసిన ఇలాంటి ప్రయోగంలో దాదాపు ఆరు రెట్లు పెరిగాయి. పది రెట్లంటే గొప్పగా వినిపిస్తుంది కానీ, మొదట ఉన్నది మరీ తక్కువని మరచిపోకూడదు. పైగా ఆ ఊపు మొదటి నాలుగు నెలల్లోనే ఎక్కువ, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఒకసారి చెప్పి వదిలేసే శిక్షణకు ఎక్కడైనా ఇదే గతి.

వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2024లో తెచ్చిన సమీక్ష ఇంకాస్త జాగ్రత్తగా మాట్లాడింది. పాఠంతోపాటు గుర్తుచేసే కార్డు, చేతిలో ఫారం కూడా ఇస్తే రిపోర్టులు సుమారు మూడు రెట్లు కావచ్చు, కానీ ఈ ఆధారం అంత గట్టిది కాదు అంది. పాఠం, గుర్తుచేసే కార్డు, ఫారం కలిసి రావాలన్నది మాత్రం చాలా సమీక్షల్లో కనిపించే మాటే.

మన దగ్గర జరిగే అధ్యయనాల తీరు వేరు. వైద్య కళాశాలల పత్రికలు తిరగేస్తే ‘అవగాహన, దృక్పథం, ఆచరణ’ అన్న ప్రశ్నావళి అధ్యయనాలు కుప్పలుగా కనిపిస్తాయి. సెమినార్ హాల్లో ముందు ఒక పరీక్ష, తర్వాత ఉపన్యాసం, వెంటనే మళ్ళీ అదే పరీక్ష. మార్కులు పెరుగుతాయి. పెరగకుండా ఎలా ఉంటాయి, జవాబులు అప్పుడే చెప్పారు కదా! ఆరు నెలల తర్వాత ఆ హాల్లో కూర్చున్నవాళ్ళు ఎన్ని ఫారాలు నింపారన్న లెక్క ఆ పేపర్లలో చాలా అరుదు. శిక్షణ ఫలించిందో లేదో చెప్పేది ఆ ఒక్క లెక్కే. దాన్ని వదిలేసి మిగతా ఎన్ని కొలిచినా అసలు సంగతి తెలియదు.

భారతదేశం 1998లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమంలో చేరింది. 2004లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో మొదలైన జాతీయ కార్యక్రమం, ఆ నిధులు ఆగగానే చతికిలబడింది. మందుల దుష్ప్రభావాలపై కన్నేసి ఉంచేందుకు ఇప్పుడున్న ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఆఫ్ ఇండియా 2010 జులైలో ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రంగా 22 పర్యవేక్షణ కేంద్రాలతో మొదలై, 2011 ఏప్రిల్‌లో ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు మారింది. ఏడీఆర్ (అడ్వర్స్ డ్రగ్ రియాక్షన్, అంటే మందు దుష్ప్రభావం) మానిటరింగ్ సెంటర్లు ఇవాళ వందల సంఖ్యలో ఉన్నాయి. హైదరాబాద్, వరంగల్, విశాఖపట్నం లాంటి చోట్ల బోధనాసుపత్రులు ఇందులో భాగమే. 2017 నుంచి కమిషన్ పది రోజుల నైపుణ్య శిక్షణ నడుపుతోంది. 2021 నుంచి ఏటా సెప్టెంబర్ 17 నుంచి 23 వరకు ఫార్మకోవిజిలెన్స్ వారం జరుపుతున్నారు. 2019లో వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక ‘దుష్ప్రభావాన్ని గుర్తించి, రిపోర్టు చేయడం’ అన్నదాన్ని ప్రతి విద్యార్థికీ రావలసిన నైపుణ్యంగా చేర్చింది.

కాగితం మీద ఇదంతా బాగుంది. చిక్కు ఎక్కడంటే, ఈ పాఠం రెండో ఏడాది ఫార్మకాలజీ ప్రయోగశాలలో జరుగుతుంది. టీచరు ఒక కల్పిత కేసు ఇస్తారు, విద్యార్థి ఫారం నింపుతాడు, రికార్డు బుక్కులో సంతకం పడుతుంది. రెండుమూడేళ్ళ తర్వాత హౌస్ సర్జన్‌గా వార్డులోకి వచ్చినప్పుడు ఆ ఫారం ఊసెత్తేవాళ్ళుండరు. మెడిసిన్ ప్రొఫెసరు రౌండ్స్‌లో ‘దీనికి ఏడీఆర్ ఫారం పంపావా?’ అని ఒక్కసారి అడిగితే ఫార్మకాలజీ వాళ్ళ పది క్లాసులకు సమానం. విద్యార్థి తన పై డాక్టరు ఏం చేస్తున్నారో చూసి నేర్చుకుంటాడు.

వార్డులో నేర్పితే ఎలా ఉంటుందో చూద్దాం. పెద్దాసుపత్రి మెడికల్ వార్డులో ఇరవై ఎనిమిదేళ్ళ ఆమె ఉందనుకుందాం. మూర్ఛలకు ఫెనిటాయిన్ మొదలుపెట్టారు. ఇప్పుడు జ్వరం, ఒంటి మీద ఎర్రటి మచ్చలు, పెదాలు పగిలి నోరంతా పుండ్లు. ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) విద్యార్థి మంచం పక్కన నిలబడి, “ఈ మాత్ర ఎప్పట్నుంచి వేసుకుంటున్నారమ్మా?” అని అడుగుతాడు. “కనుమ వెళ్ళాక మొదలెట్టారు బాబూ. వేసుకున్న కొన్నాళ్ళకే ఒళ్ళంతా వేడి చేసింది, నోరు పూసింది” అంటుంది ఆమె. కనుమ ఎప్పుడొచ్చిందో క్యాలెండరు చూసి తేదీ వేయాలి. మచ్చలు మొదలైన తేదీ వేయాలి. రెంటికీ మధ్య మూడు వారాలు తేలితే అనుమానం బలపడుతుంది, ఎందుకంటే మందు పడక ఇలా ఒళ్ళూ నోరూ పుండ్లు పడే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ సాధారణంగా మందు మొదలెట్టిన నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల లోపు బయటపడుతుంది. తర్వాత ప్రశ్న: “మధ్యలో ఇంకేమన్నా వేసుకున్నారా?” ఊళ్ళో ఆర్‌ఎంపీ జ్వరానికి ఇచ్చిన మాత్రలున్నాయి, వాటితోపాటు ఏదో చూర్ణం. అవి కూడా ఫారంలో రాయాలి, వాటికో చోటుంది. జ్వరం ముందొచ్చిందా, ఆ మాత్రలు ముందు వేసుకుందా? జ్వరమే ముందైతే ఆ మాత్రల మీద అనుమానం తగ్గుతుంది. ఫెనిటాయిన్ ఆపారా, ఆపాక తగ్గుముఖం పట్టిందా? ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది కాబట్టి ‘తీవ్రమైనది’ అన్న గడిలో టిక్కు పెట్టాలి.

ఈ సంభాషణే శిక్షణ. రోగి ‘పడలేదు’, ‘వేడి చేసింది’, ‘నోరు పూసింది’ అన్న మాటల్ని వైద్య పదాల్లోకి మార్చడం, పండగల లెక్కను తేదీల్లోకి మార్చడం, ఏది ముందు ఏది తర్వాత అని వరసపెట్టడం ఏ స్లైడులోనూ నేర్చుకోలేరు. ఫారం చూడటానికి పొడుగ్గా ఉంటుందిగానీ ముఖ్యంగా కావలసిన సంగతులు నాలుగే: రోగి ఒకరున్నారని తెలియడం (పేరు పూర్తిగా అక్కర్లేదు, పొడి అక్షరాలు చాలు), అనుమానించిన మందు, జరిగిన హాని, రాసినవాళ్ళెవరు. ఇది తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఫారం మీదే రాసి ఉంటుంది. మందే కారణమని తేల్చే బాధ్యత కూడా రాసేవాళ్ళది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంతోనో, 1981 నాటి నరాంజో పది ప్రశ్నలతోనో ఆ తూకం వేసేది కేంద్రంలో ఉన్నవాళ్ళు. ఈ రెండు మాటలూ గట్టిగా నాటుకుంటే ఇన్మన్ చెప్పిన భయమూ బెరుకూ సగం తగ్గుతాయి.

ఫారంలో ఎక్కువగా ఖాళీగా మిగిలేది బ్యాచ్ నంబర్ గడి. మందుల షాపులో స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడతారు. నంబరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. దీన్ని చాదస్తం అనుకునేవాళ్ళు 2025 శరదృతువులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో జరిగింది గుర్తుచేసుకోవాలి. దగ్గు సిరప్పు తాగిన పిల్లలు మూత్రపిండాలు పాడై ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఆ సంఖ్య 20 దాటింది. కోల్డ్రిఫ్ అనే ఆ సిరప్పు ఎస్‌ఆర్-13 బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తమిళనాడు ప్రయోగశాల తేల్చింది. ఆ బ్యాచ్ వాడొద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ప్రజలను హెచ్చరించింది. మందు కల్తీ వేరు, మందు దుష్ప్రభావం వేరు, నిజమే. కానీ వరసగా పిల్లలకు మూత్రం ఆగిపోతున్నప్పుడు ‘ఏం తాగించారు, ఏ సీసా, సీసా మీద నంబరెంత’ అని మొదటి రోజే అడిగే అలవాటు రెంటికీ ఒకటే. ఆ అలవాటు ఉన్నచోట ఎంతో కొంత ముందుగా తెలుస్తుంది. కొన్ని ప్రాణాలు దక్కుతాయి.

ఎవరికి శిక్షణ ఇవ్వాలన్న విషయంలోనూ ప్రపంచం ఆలస్యంగానే కళ్ళు తెరిచింది. బ్రిటన్‌లో ఎల్లో కార్డు చాలాకాలం ముఖ్యంగా డాక్టర్లది, దంత వైద్యులదే. ఆస్పత్రి ఫార్మసిస్టులకు 1997లో, మందుల షాపుల ఫార్మసిస్టులకు 1999లో, నర్సులకు 2002లో, రోగులకు 2005లో అనుమతి దొరికింది. వార్డులో రోగితో ఇరవైనాలుగు గంటలూ ఉండేది నర్సు. ఇంజక్షన్ చేసిన పావుగంటకు దద్దుర్లు లేస్తే ముందు చూసేది ఆమె. మన దగ్గర నర్సులు రాయడానికి అడ్డేమీ లేదు. కానీ డాక్టరును అడక్కుండా రాస్తే ఏమంటారోనన్న జంకు ఉంటుంది. అందుకే నర్సులకు విడిగా చెప్పే శిక్షణకంటే, డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు ఒకే గదిలో కూర్చుని ఒకే కేసు మాట్లాడుకునే శిక్షణ మేలు. ఫారం ఎవరు రాసినా ఫరవాలేదని డాక్టరు నోటే వినాలి.

టీకాల విషయంలో మాత్రం పరిస్థితి చాలా మెరుగు. వాటికి విడిగా నమోదు పద్ధతి ఉంది, ఆశాలకూ ఏఎన్ఎంలకూ ఏది చూడాలో, ఎవరికి చెప్పాలో పదే పదే చెబుతారు. మందులకు ఆ శ్రద్ధ ఇంకా రాలేదు.

2008లో దేశంలో మొదలైన ఫార్మ్‌డీ కోర్సు తెలుగు రాష్ట్రాల్లో బాగా వేళ్ళూనుకుంది. ఈ విద్యార్థులు వార్డుల్లో తిరుగుతూ కేస్ షీట్లు చదివి, అనుమానాలు ఎత్తిచూపి ఫారాలు నింపే చోట్ల రిపోర్టులు నిలకడగా వెళ్తున్నాయి. ప్రమాదం ఒకటే. ‘అది ఫార్మ్‌డీ పిల్లల పని’ అని డాక్టర్లు పూర్తిగా చేతులు దులుపుకుంటే, వాళ్ళు పరీక్షలకు వెళ్ళిన నెలలో వార్డు నుంచి ఒక్క కాగితమూ కదలదు. ఇదే పిల్లల్లో చాలామంది పట్టా అందుకున్నాక హైదరాబాద్‌లోని ఔషధ భద్రతా సంస్థల్లో చేరి అమెరికా, ఐరోపా రోగుల రిపోర్టులు పరిశీలిస్తున్నారు. అంటే ఈ పని తెలిసినవాళ్ళకు ఇక్కడ కొదవ లేదు. వాళ్ళ నేర్పు ఎదురుగా ఉన్న నర్సింగ్ హోమ్ రోగికి అందే దారి లేకపోవడమే బాధ.

రాసినవాళ్ళకు జవాబు రావడం మీద ఎవరూ తగినంత శ్రద్ధ పెట్టలేదు. ఫారం పంపాక నెలలు గడిచినా ఒక్క మాటా తిరిగి రాకపోతే రెండోసారి రాసేదెవరు? జవాబు చెప్పడానికి మంచి కథలు మన దగ్గరే ఉన్నాయి. నెలసరి నొప్పికి ఇంటింటా వాడే మెఫెనమిక్ యాసిడ్ మీద 2023 నవంబర్ 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఆ మందు వాడాక జ్వరం, దద్దుర్లతోపాటు లోపలి అవయవాలూ దెబ్బతినే డ్రెస్ సిండ్రోమ్ రావచ్చని, గమనించాలని వైద్య సిబ్బందిని కోరింది. ఆ సంగతి దేశంలోని వార్డుల నుంచి వెళ్ళిన ఫారాలను పరిశీలించినప్పుడే బయటపడింది. ఆ ఫారాలు నింపినవాళ్ళకు ‘మీరు రాసినదాని వల్ల ఈ హెచ్చరిక వచ్చింది’ అని ఒక ఉత్తరం ముక్క పంపితే, వాళ్ళు జీవితాంతం రాస్తూనే ఉంటారు.

ఇక ఈ శిక్షణ దాదాపు అడుగుపెట్టని చోటు ప్రైవేటు క్లినిక్కులు. జనంలో ఎక్కువమంది మొదట వెళ్ళేది అక్కడికే. ఏడీఆర్ కేంద్రాలున్నది పెద్దాసుపత్రుల్లో. మధ్యలో వారధి లేదు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024 ఉంది, మొబైల్ యాప్ ఉంది, రోగులే నింపుకోవడానికి తెలుగులో ఫారం కూడా ఉంది. ఇవున్నాయని క్లినిక్ గోడ మీద చూసినవాళ్ళు తక్కువ. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం డాక్టర్లు సీఎంఈ (నిరంతర వైద్య విద్య) క్రెడిట్లు ఎలాగూ సంపాదించుకోవాలి. హోటల్ హాల్లో ఉపన్యాసం విన్నందుకు ఇచ్చే క్రెడిట్‌లో కొంత భాగాన్ని, తన రోగి గురించి తానే రాసిన ఒక ఏడీఆర్ రిపోర్టుకూ దాని మీద తోటి డాక్టర్లతో చేసిన అరగంట చర్చకూ కేటాయిస్తే ఖర్చేమీ ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళూ ఏదైనా ఒక జిల్లాలో ఏడాదిపాటు ఇలా చేసి చూడవచ్చు. అప్పుడు కొలవాల్సింది హాజరు పట్టీ కాదు, ఆ జిల్లా నుంచి కేంద్రానికి చేరిన ఫారాలెన్ని, వాటిలో బ్యాచ్ నంబరు, తేదీలు సరిగ్గా ఉన్నవెన్ని అన్నది.